కాల్ సెంటర్‌లో ఎంతమంది కూర్చోవాలి, ఏ కాల్ ఎవరికి వెళ్లాలి: లెక్కలతో సహా సమగ్ర మార్గదర్శి

ఒక అరగంటలో 67 మంది కూర్చోవాల్సిన చోట 62 మందే కూర్చున్నారనుకోండి. తగ్గింది ఐదుగురే కదా, సర్వీస్ కూడా ఏడెనిమిది శాతం తగ్గుతుందేమో అనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే 20 సెకన్లలోపు ఎత్తే కాల్స్ 81 శాతం నుంచి 35 శాతానికి పడిపోతాయి. కస్టమర్ సగటున లైన్ మీద ఆగే సమయం 15 సెకన్ల నుంచి రెండు నిమిషాల పైకి వెళుతుంది. మనుషులు తగ్గిన కొద్దీ క్యూ మెల్లమెల్లగా పెరగదు. ఒక గీత దాటిందంటే ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ గీత ఎక్కడుందో ప్రతి అరగంటకూ ముందే తెలుసుకోవడం, ఆ అరగంటలో ఉన్నవాళ్లకు కాల్స్ సరిగ్గా పంచడం... పెద్ద కస్టమర్ కేర్ సెంటర్ నడపడంలో అసలు పని ఈ రెండే. వీటిని రెండు వేర్వేరు టీములకు ఇచ్చి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా నడిపే సెంటర్లే ఎక్కువ. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

టీఎల్ (టీమ్ లీడర్) నుంచి ఆపరేషన్స్‌లోకి వచ్చినవాళ్లకు, ఎప్పుడు ఎంతమంది కావాలో ప్లాన్ చేసే వర్క్‌ఫోర్స్ టీములో కొత్తగా చేరినవాళ్లకు పనికొచ్చేలా వరసగా చెబుతాను. ఉదాహరణకు హైదరాబాద్‌లో ఒక బ్యాంకు సెంటర్‌ను ఊహించుకుందాం. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడు భాషలు, రోజంతా నడిచే లైన్లు. అంకెలు లెక్క తేలిగ్గా ఉండేలా తీసుకున్నవి. మీ సెంటర్ అంకెలు పెట్టుకుని ఇదే దారిలో వెళ్లండి.

మొదటి మెట్టు: కాల్స్ అంచనా, అరగంట చొప్పున

"రోజుకు తొమ్మిది వేల కాల్స్ వస్తాయి" అన్న మాటతో రోస్టర్ (ఎవరు ఏ వేళ పనికి రావాలన్న పట్టిక) వేయలేం. కాల్స్ రోజంతా సమానంగా రావు. ఉదయం పది నుంచి పన్నెండు వరకు ఒక పోటు, మధ్యాహ్నం భోజనాల వేళ కాస్త నెమ్మది, సాయంత్రం మళ్లీ ఒక పోటు. కాబట్టి అంచనా ఎప్పుడూ అరగంట ముక్కల్లో ఉండాలి. పెద్ద సెంటర్లలో పావుగంట ముక్కలు కూడా వాడతారు.

పద్ధతి సులువే. గత ఆరు నుంచి ఎనిమిది వారాల సోమవారాలను ఒకచోట, మంగళవారాలను ఒకచోట పెట్టండి. ఒక్కో అరగంటకు సగటు తీయండి. ఈ మధ్య వారాలకు కొంచెం ఎక్కువ బరువు ఇవ్వండి. సర్వర్ పడిపోయిన రోజు, బంద్ రోజు లాంటివి సగటులో కలపకుండా పక్కన పెట్టండి. ఎక్సెల్ చాలు, దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

సగటు కంటే విలువైనది ఇంకొకటి ఉంది: సంఘటనల డైరీ. జీతాలు పడే ఒకటో తారీఖు, ఈఎంఐ కట్ అయ్యే ఐదో తారీఖు, క్రెడిట్ కార్డు బిల్లులు వెళ్లే రోజు, చివరి గడువు రోజు, మార్కెటింగ్ వాళ్లు లక్షల మందికి ఎస్ఎంఎస్ పంపిన రోజు, ఇవన్నీ కాల్స్‌ను పెంచుతాయి. ఎంత పెంచాయో ప్రతిసారీ రాసి పెట్టుకుంటే మరుసటిసారి ఊహించాల్సిన పని ఉండదు. మార్కెటింగ్ టీము ఎస్ఎంఎస్ పంపే ముందు వర్క్‌ఫోర్స్ టీముకు ఒక మెయిల్ కొట్టాలన్న నియమం చాలా కంపెనీల్లో కాగితం మీద ఉంటుంది. పది గంటలకు స్క్రీన్ మీద క్యూ ఎర్రబడ్డాక గానీ సంగతి తెలియదు.

ఇంకో జాగ్రత్త. అంచనాకు మూలంగా తీసుకోవాల్సింది వచ్చిన కాల్స్. ఎత్తిన కాల్స్ తీసుకుంటే, మనుషులు తక్కువై వదిలేసినవన్నీ లెక్కలోంచి మాయమవుతాయి, వచ్చే వారం కూడా తక్కువ మందినే వేస్తారు. అలాగని వచ్చినవన్నీ అలాగే తీసుకున్నా తప్పే. విసుగొచ్చి పెట్టేసిన మనిషి పది నిమిషాల్లో మూడుసార్లు మళ్లీ చేస్తాడు. ఒకే నంబర్ నుంచి కొద్ది నిమిషాల తేడాతో వచ్చిన కాల్స్‌ను ఒకటిగా లెక్కపెడితే నిజమైన డిమాండ్ తెలుస్తుంది.

రెండో మెట్టు: ఒక్కో కాల్‌కు పట్టే సమయం

ఫ్లోర్ మీద అందరూ ఏహెచ్‌టీ అంటారు. మాట్లాడిన సమయం, హోల్డ్‌లో పెట్టిన సమయం, కాల్ అయ్యాక నోట్స్ రాసుకునే సమయం మూడూ కలిపితే వచ్చేది. చివరిదాన్ని మరిచిపోయి లెక్క వేస్తే రోస్టర్ మొదటి రోజే తప్పుతుంది.

ఏహెచ్‌టీని కూడా సెంటర్ మొత్తానికి ఒకే అంకెగా వాడకండి. బ్యాలెన్స్ అడిగే కాల్ రెండు నిమిషాల్లో తేలుతుంది, తెలియని లావాదేవీ మీద ఫిర్యాదు పన్నెండు నిమిషాలు తినేస్తుంది. రాత్రి పది దాటాక వచ్చే కాల్స్ సాధారణంగా పొడవుగా ఉంటాయి, ఎందుకంటే ఆ వేళప్పుడు చేసేవాడికి ఏదో నిజంగా పెద్ద సమస్యే వచ్చి ఉంటుంది. కొత్తగా ఫ్లోర్ ఎక్కిన బ్యాచ్ ఉంటే వాళ్ల ఏహెచ్‌టీని విడిగా చూడాలి.

ఈ అంకె ఎంత సున్నితమో చూడండి. మన ఉదాహరణలో అరగంటకు 300 కాల్స్, ఒక్కోటి ఆరు నిమిషాలు. 67 మంది ఉంటే 81 శాతం కాల్స్ 20 సెకన్లలో ఎత్తగలం. కొత్త వెరిఫికేషన్ రూల్ వచ్చి కాల్ అరనిమిషం పెరిగిందనుకోండి. అదే 67 మందితో అది 34 శాతానికి దిగుతుంది. నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ వాళ్లు స్క్రిప్టులో రెండు వాక్యాలు చేర్చే ముందు ఈ అంకె వాళ్లకు చూపించాలి.

మూడో మెట్టు: ఎర్లాంగ్ లెక్క

కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డెన్మార్క్ గణితవేత్త ఏ.కె. ఎర్లాంగ్ 1909లో టెలిఫోన్ కాల్స్ రాక మీద మొదటి పత్రం రాశాడు. కాల్స్ ఎంతసేపు వేచి ఉంటాయో చెప్పే సూత్రాలు 1917లో ఇచ్చాడు. వందేళ్లు దాటినా గచ్చిబౌలిలో రోస్టర్ వేసే సాఫ్ట్‌వేర్ల అడుగున ఉన్నది ఇప్పటికీ ఆయన లెక్కే.

ముందు లోడ్ కనుక్కోవాలి. 300 కాల్స్‌ను 6 నిమిషాలతో గుణిస్తే 1,800 నిమిషాల పని. దాన్ని 30 నిమిషాలతో భాగిస్తే 60. అంటే కాల్స్ అన్నీ ఒకదాని వెనుక ఒకటి బుద్ధిగా వస్తే 60 మంది చాలు. అలా రావు. ఒక నిమిషంలో పదిహేను, మరో నిమిషంలో నాలుగు వస్తాయి. కాబట్టి 60 మీద ఎంత అదనం కావాలన్నదే ప్రశ్న. దానికి జవాబిచ్చేదే ఎర్లాంగ్-సి అనే సూత్రం. చేత్తో వేయడం కష్టం గానీ ఎక్సెల్ యాడ్-ఇన్‌లు, ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు ఉచితంగా దొరుకుతాయి. మన ఉదాహరణకు అది ఇచ్చే ఫలితాలివి:

| సీట్లలో ఉన్నవారు | 20 సెకన్లలో ఎత్తే కాల్స్ | సగటు నిరీక్షణ |
|---|---|---|
| 61 | 19% | 307 సెకన్లు |
| 62 | 35% | 130 సెకన్లు |
| 63 | 49% | 73 సెకన్లు |
| 64 | 59% | 46 సెకన్లు |
| 65 | 68% | 30 సెకన్లు |
| 66 | 75% | 21 సెకన్లు |
| 67 | 81% | 15 సెకన్లు |
| 68 | 85% | 10 సెకన్లు |

పట్టికను కింది నుంచి పైకి చదవండి. 68 నుంచి 67కు దిగితే నాలుగైదు సెకన్ల తేడా. 62 నుంచి 61కి దిగితే మూడు నిమిషాల తేడా. ఒక్క మనిషి విలువ అప్పటికి క్యూ ఏ స్థితిలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. ఫ్లోర్ మీద ఇద్దరిని టీ బ్రేక్‌కు పంపాలా వద్దా అన్న నిర్ణయం కూడా ఇదే పట్టిక చూసి తీసుకోవచ్చు.

80/20 అన్న లక్ష్యం, అంటే 80 శాతం కాల్స్ 20 సెకన్లలో, పరిశ్రమలో అలవాటుగా వచ్చినదే. శాసనమేమీ కాదు. టెలికాం కంపెనీలకు నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన ప్రమాణం వేరు: ఆపరేటర్‌తో మాట్లాడే కాల్స్‌లో 95 శాతం 90 సెకన్లలోపు ఎత్తాలి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 లాంటి అత్యవసర సేవకు ఈ రెండూ సరిపోవు. మీ కస్టమర్ ఎంతసేపు ఆగగలడో, ఆగితే ఎవరికి నష్టమో చూసి లక్ష్యం పెట్టుకోండి.

ఎర్లాంగ్-సికి ఒక లోపం ఉంది. క్యూలో ఉన్నవాళ్లెవరూ ఫోన్ పెట్టేయరు అని అది నమ్ముతుంది. నిజంగా అయితే జనం పెట్టేస్తారు, అందువల్ల క్యూ అది చెప్పినంత ఘోరంగా పెరగదు. పట్టికలో పై వరసల్లోని నిరీక్షణ అంకెలను అందుకే కొంచెం తగ్గించి చదవాలి. పెట్టేసేవాళ్లను కూడా లెక్కలోకి తీసుకునే ఎర్లాంగ్-ఏ అనే నమూనా ఉంది, దాని మూలం స్వీడన్‌కు చెందిన కోనీ పామ్ చేసిన పని. మీ సెంటర్‌లో అబాండన్ (ఎత్తేలోపే కస్టమర్ పెట్టేసే కాల్స్) ఎక్కువగా ఉంటే దాన్ని వాడటం మేలు.

ఇంకో సంగతి పెద్ద సెంటర్లకే వర్తిస్తుంది. 67 మందితో 60 మంది పని చేయిస్తున్నామంటే ఒక్కొక్కరు 90 శాతం సమయం కాల్ మీదే ఉన్నారన్నమాట. దీన్నే ఆక్యుపెన్సీ అంటారు. ఒక కాల్ పెట్టగానే ఇంకోటి మోగుతుంది, గుక్క నీళ్లు తాగే తీరిక ఉండదు. ఒక అరగంట అయితే సరే, రోజంతా ఇలాగే నడిస్తే మూడో నెలలో రాజీనామాలు మొదలవుతాయి. 85 శాతం దాటనివ్వకూడదని నియమం పెట్టుకుంటే 60ని 0.85తో భాగించాలి, 71 మంది కావాలి. చిన్న టీముల్లో సర్వీస్ లెవెల్ (అనుకున్న సెకన్లలోపు ఎత్తే కాల్స్ శాతం) మనుషుల సంఖ్యను నిర్ణయిస్తుంది. పెద్ద టీముల్లో మనుషుల ఓపికే నిర్ణయిస్తుంది. ఫైనాన్స్ వాళ్లు ఈ నాలుగు సీట్లనే ముందు కోయమంటారు. కోసిన డబ్బు కొత్తవాళ్ల నియామకానికి, ట్రైనింగ్‌కు వెళ్లిపోతుందని వాళ్లకు లెక్క వేసి చూపాలి.

నాలుగో మెట్టు: ష్రింకేజ్

67 అన్నది హెడ్‌సెట్ పెట్టుకుని కాల్ తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నవాళ్ల సంఖ్య. జీతం తీసుకునేవాళ్ల సంఖ్య దీనికంటే ఎక్కువ ఉండాలి. తొమ్మిది గంటల షిఫ్టులో గంట బ్రేకులకు పోతుంది, అదే 11 శాతం. ముందే చెప్పిన సెలవులు 6, చెప్పకుండా పెట్టేవి 7, ట్రైనింగ్, కోచింగ్, టీమ్ మీటింగులు 4, సిస్టమ్ మొరాయించడం 2 అనుకుందాం. మొత్తం 30 శాతం. జీతం ఇచ్చినా కాల్స్‌కు దొరకని ఈ సమయాన్నే ష్రింకేజ్ అంటారు.

ఇక్కడ చాలామంది 67కు 30 శాతం కలుపుతారు. 87 వస్తుంది, సరే 88 మందిని వేద్దాం అంటారు. తప్పు. 88 మందిలో 30 శాతం పోతే మిగిలేది 61 లేదా 62. పైన పట్టికలో ఆ వరసలు ఎలా ఉన్నాయో చూశారు. చేయాల్సింది భాగహారం: 67ను 0.70తో భాగిస్తే 96 మంది. ఎనిమిది మంది తేడా కేవలం కూడికకూ భాగహారానికీ మధ్య ఉంది.

ష్రింకేజ్ ఏడాదంతా ఒకేలా ఉండదు. సంక్రాంతి వారంలో హైదరాబాద్ ఫ్లోర్లలో సగం మంది సెలవు అడుగుతారు. విజయవాడ, రాజమండ్రి, శ్రీకాకుళం వైపు బస్సులు, రైళ్లు చాలా ముందే నిండిపోతాయి. ఊరెళ్లాలనుకున్నవాడికి సెలవు ఇవ్వకపోయినా వెళ్తాడు, వచ్చి మెడికల్ సర్టిఫికెట్ ఇస్తాడు. ఆ వారం తెలుగు కాల్స్ తగ్గొచ్చు గానీ హిందీ కాల్స్ తగ్గవు. ఆ హిందీ కాల్స్ తీసుకునేవాళ్లలో చాలామంది ఊళ్లో ముగ్గులు చూస్తూ ఉంటారు. దీనికి మందు నవంబర్‌లోనే సెలవుల వేలం పెట్టడం: ఎవరికి సంక్రాంతి, ఎవరికి ఉగాది, ఎవరికి రంజాన్, ఎవరికి దసరా అని ముందే పంచుకోవాలి. పాతబస్తీ నుంచి వచ్చే ఏజెంట్లు, తెలుగు జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఒకరి పండక్కి ఒకరు నిలబడే ఏర్పాటు హైదరాబాద్ సెంటర్లకు సహజంగా కుదిరే సౌకర్యం.

రోజంతా నడిచే ఒక్క సీటుకు ఎంతమంది కావాలో కూడా తెలుసుకోండి. వారానికి 168 గంటలు. ఒకరు ఐదు రోజులు, రోజుకు తొమ్మిది గంటలు వస్తే 45 గంటలు, 30 శాతం పోగా 31.5. అంటే సీటుకు ఐదుగురికి పైనే. "రోజంతా ఇద్దరు కూర్చుంటే చాలు కదా" అని తేలిగ్గా అనేసేవాళ్లకు ఆ ఇద్దరి వెనుక పది పన్నెండు జీతాలు ఉంటాయని చెప్పాలి.

ఐదో మెట్టు: షిఫ్టులు

అవసరం అరగంటకో రకంగా ఉంటుంది, షిఫ్టు తొమ్మిది గంటలు ఉంటుంది. రెండూ అతకవు. అందరినీ తొమ్మిదికి రప్పిస్తే పదింటికి సరిపోతారు, మధ్యాహ్నం మూడింటికి ఖాళీగా కూర్చుంటారు, సాయంత్రం ఆరింటికి అందరూ ఒకేసారి లేస్తారు. షిఫ్టుల ఆరంభాన్ని ఏడున్నర, ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర, పదకొండు అని విడగొట్టండి. భోజనాలను పన్నెండు నుంచి మూడు వరకు పరచండి. బ్రేకులు ఎప్పుడన్నది కొత్తమందిని తీసుకోకుండానే సర్వీస్ పెంచగల అతి చవకైన మార్గం, ఎక్కువ సెంటర్లు దీన్ని టీఎల్‌ల ఇష్టానికి వదిలేస్తాయి.

వానాకాలం సాయంత్రాల సంగతి హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. క్యాబులు ముప్పావుగంట ఆలస్యమవుతాయి, వెళ్లాల్సిన షిఫ్టు కదలదు, రావాల్సిన షిఫ్టు రాదు. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు షిఫ్టులు మారే చోట అరగంట అతివ్యాప్తి పెట్టడం వృథా ఖర్చు కాదు. ఇంటి నుంచి పనిచేసే ఏజెంట్ల మీద నిబంధనలను టెలికాం శాఖ 2020 నవంబర్‌లో బాగా సడలించింది. వాన రోజుల కోసం ఫ్లోర్‌లో కొంతమందికైనా ఇంటి సెటప్ ఇచ్చి ఉంచితే ఆ గంట గట్టెక్కుతుంది.

నియామకాన్ని కూడా షిఫ్టుల్లో భాగంగానే చూడాలి. ఇంటర్వ్యూలు, నోటీసు పీరియడ్, ట్రైనింగ్, పక్కన సీనియర్‌ను పెట్టి కాల్స్ తీయించే వారాలు కలిపితే మూడు నెలలు సులువుగా గడుస్తాయి. దసరా, దీపావళి షాపింగ్ కాల్స్‌కు మనుషులు కావాలంటే జులైలో అడగాలి. కొత్తవాళ్లను మొదటి నెల పూర్తి మనిషిగా లెక్కపెట్టకండి.

ఆరో మెట్టు: ఐవీఆర్‌లో ఏం అడగాలి

ఇక రూటింగ్, అంటే ఏ కాల్‌ను ఎవరికి పంపాలన్నది. కస్టమర్ నంబర్ కొట్టగానే వినిపించే మెనూకు, అంటే ఐవీఆర్‌కు, పని ఒక్కటే: ఈ కాల్ ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చడం. భాష మొదట, అవసరం తర్వాత, అంతటితో ఆపేయాలి. రిజిస్టర్ అయిన నంబర్ నుంచి చేస్తున్నాడంటే గతసారి ఏ భాష ఎంచుకున్నాడో సిస్టమ్‌కు తెలుసు, మళ్లీ అడగనక్కర్లేదు. ఐదారు అంతస్తుల మెనూలు పెడితే జనం వినరు, తొమ్మిది నొక్కితే మనిషి వస్తాడని ఎవరో చెప్పినట్టు తొమ్మిదే నొక్కుతారు. దాంతో కాల్ తప్పు బల్ల మీదికి వస్తుంది. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అన్న వాక్యాన్ని తీసేసి ఆ చోట ఎంతసేపు ఆగాల్సి వస్తుందో చెప్పండి.

తప్పుదారి ఖర్చు లెక్కలో కనిపిస్తుంది. 300 కాల్స్‌లో పదో వంతు తప్పు చోటికి వచ్చి, ఒక్కో ట్రాన్స్‌ఫర్‌కు రెండు నిమిషాలు పోతే అరగంటలో 60 నిమిషాల పని పెరిగింది. అంటే ఇద్దరు మనుషుల లోడ్. ఐవీఆర్ మెనూలో ఒక వాక్యం సరిదిద్దితే ఆ ఇద్దరూ మిగులుతారు.

ఏడో మెట్టు: స్కిల్స్ పంచడం

మూడు భాషలకు మూడు టీములు పెట్టడం చూడ్డానికి చక్కగా ఉంటుంది. మన 60 లోడ్‌ను మూడు సమాన భాగాలు చేస్తే ఒక్కో టీముకు 20. ఎర్లాంగ్ లెక్క ప్రకారం 24 మంది ఉంటే 76 శాతమే వస్తుంది, లక్ష్యం అందాలంటే 25 మంది. మూడు టీములకు 75. అందరూ అన్ని భాషలూ మాట్లాడితే 67 చాలు. గోడలు కట్టినందుకు ఎనిమిది సీట్లు ఎక్కువ. బ్యాంకులో కౌంటర్‌కో లైన్ ఉన్న రోజులకూ ఒకే టోకెన్ లైన్ వచ్చాక ఉన్న తేడా లాంటిదే ఇది. ఒకే లైన్ ఉంటే ఒక కౌంటర్ ఖాళీగా ఉండి పక్క కౌంటర్‌లో తోపులాట జరగడం ఉండదు.

దీని వెనుక ఒక చిన్న సూత్రం ఉంది. లోడ్ మీద కావాల్సిన అదనపు మనుషులు లోడ్ వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతారు. లోడ్ నాలుగు రెట్లయితే అదనం రెట్టింపైతే చాలు. పెద్ద సెంటర్‌కు పెద్దది కావడం వల్ల వచ్చే లాభమంతా ఇదే. టీములను ముక్కలు చేసి ఆ లాభాన్ని చేతులారా పోగొట్టుకుంటారు.

అయితే మూడు భాషలూ ధారాళంగా మాట్లాడే 67 మందిని ఎక్కడ తెస్తాం? తేనక్కర్లేదు. 2005లో వాలెస్, విట్ అనే పరిశోధకులు కాల్ సెంటర్ల స్కిల్ రూటింగ్ మీద ప్రచురించిన పని చూపింది ఇదే: తగిన విధంగా పంచితే ఒక్కొక్కరికి రెండు స్కిల్స్ ఉన్నా, అందరికీ అన్నీ వచ్చినంత ఫలితం దాదాపు దక్కుతుంది. ఆ పంపకం గొలుసులా ఉండాలి. కొందరికి తెలుగు-హిందీ, కొందరికి హిందీ-ఇంగ్లిష్, కొందరికి ఇంగ్లిష్-తెలుగు. అప్పుడు ఏ ఒక్క భాషలో పోటు వచ్చినా ఒత్తిడి పక్కకు జరుగుతుంది. తెలుగు-హిందీ జంటకు హైదరాబాద్‌లో కొరత లేదు. ఇంగ్లిష్-తెలుగు జంటకు విశాఖ, విజయవాడ కాలేజీలు ఉన్నాయి. అందరినీ తెలుగు-ఇంగ్లిష్ వాళ్లనే తీసుకుని హిందీని విడిగా వదిలేస్తే గొలుసు తెగుతుంది, హిందీ క్యూ ఒంటరిగా మునుగుతుంది.

రెండో భాష "వస్తుంది" అని రెజ్యూమెలో రాసుకున్నది లెక్కలోకి రాదు. ఆ భాషలో పది కాల్స్ విని, ఏహెచ్‌టీ మొదటి భాషతో పోలిస్తే ఎంత పెరుగుతోందో చూడండి. సగం ఎక్కువ సమయం పడుతుంటే అతన్ని ఆ క్యూకు చివరి ఆసరాగానే ఉంచాలి.

ఎనిమిదో మెట్టు: ఎవరు ముందు, ఎప్పుడు పక్క టీముకు

మామూలు కాల్స్‌కు ఎక్కువసేపు ఖాళీగా ఉన్న ఏజెంట్‌కే తర్వాతి కాల్ ఇవ్వడం న్యాయమైన పద్ధతి. త్వరగా ముగించేవాళ్లకే కాల్స్ గుప్పించే పద్ధతి కొన్ని చోట్ల పెడతారు. అంకెలు కొన్ని వారాలు అందంగా ఉంటాయి, తర్వాత బాగా పనిచేసేవాళ్లే ముందు మానేస్తారు.

కొన్ని కాల్స్ క్యూలో నిలబడకూడదు. కార్డు పోయింది, తెలియని లావాదేవీ జరిగింది, ఎవరో ఓటీపీ అడిగారు అన్న కాల్స్ అలాంటివి. రిజర్వ్ బ్యాంక్ 2017 జులైలో ఇచ్చిన సర్క్యులర్ కస్టమర్ భరించాల్సిన నష్టాన్ని, అతను ఎంత త్వరగా బ్యాంకుకు తెలిపాడన్నదానికి ముడిపెట్టింది. ఆ కాల్‌ను మీ క్యూ పదిహేను నిమిషాలు నిలబెడితే ఆ పదిహేను నిమిషాల్లో ఖాతా ఖాళీ కావచ్చు. వీటికి మెనూలో మొదటి నంబరే ఇవ్వండి, అన్ని స్కిల్స్ వాళ్లకూ తెరిచి ఉంచండి. కార్డు బ్లాక్ చేయడం వరకు మనిషి లేకుండానే ఐవీఆర్‌లో జరిగేలా చేస్తే ఇంకా మంచిది.

వీఐపీ కస్టమర్లకు ప్రాధాన్యం అడుగుతారు, ఇవ్వక తప్పదు. ఆ వర్గం మొత్తం కాల్స్‌లో చిన్న భాగంగా ఉన్నంతవరకే అది పనిచేస్తుంది. సగం మంది వీఐపీలైతే ఎవరూ వీఐపీలు కానట్టే, మిగతా సగం మాత్రం తెల్లారేదాకా క్యూలో ఉంటారు.

ఓవర్‌ఫ్లో నియమాన్ని, అంటే ఆగిన కాల్‌ను ఎప్పుడు పక్కవాళ్లకు తెరవాలన్నదాన్ని, మెట్లుగా రాయండి. మొదటి 20 సెకన్లు తెలుగు కాల్ తెలుగు మొదటి స్కిల్‌గా ఉన్నవాళ్లకే. 20 దాటితే రెండో స్కిల్ వాళ్లకు తెరవాలి. రెండు నిమిషాలు దాటితే కాల్‌బ్యాక్ ఇవ్వాలి: "మీ వంతు అలాగే ఉంటుంది, మేమే చేస్తాం". వెనక్కి చేసే కాల్‌ను అదే గంటలో చేయకపోతే ఆ మనిషి మళ్లీ చేస్తాడు, ఒక కాల్ రెండవుతుంది. తెరిచే నియమంతో పాటు ఆపే నియమం కూడా ఉండాలి. హిందీ క్యూలో ఇప్పటికే జనం ఆగి ఉంటే హిందీ వాళ్లను తెలుగుకు లాగకూడదు. ఈ తాళం లేని చోట రెండు క్యూలూ ఒకదాన్ని ఒకటి ముంచుకుంటాయి, రెండు భాషలు వచ్చినవాళ్లు రోజంతా ఊపిరాడకుండా ఉంటారు, ఒకే భాష వచ్చినవాళ్లు పక్కనే తీరిగ్గా కనిపిస్తారు. రెండో భాషకు అలవెన్స్ ఇవ్వని సెంటర్‌లో ఏజెంట్లు ఆ భాష రాదని చెప్పడం మొదలుపెడతారు. అది వాళ్ల తప్పు కాదు.

తొమ్మిదో మెట్టు: ఆ రోజు ఫ్లోర్ మీద

అంచనా ఎంత బాగున్నా రోజు దాని దారిన అది నడుస్తుంది. పదిన్నరకు ఒకసారి, రెండింటికి ఒకసారి వచ్చిన కాల్స్‌ను అంచనాతో పోల్చండి. ఉదయం 12 శాతం ఎక్కువ వస్తే మధ్యాహ్నానికి కూడా అంతే ఎక్కువ వస్తాయని పెట్టుకుని మిగతా అరగంటల లెక్క మళ్లీ వేయండి. చేతిలో ఉన్న మార్గాలను ఈ వరసలో వాడాలి: కోచింగ్, మీటింగులు వాయిదా వేయడం, ఈమెయిల్, బ్యాక్ ఆఫీస్ పనిలో ఉన్నవాళ్లను కాల్స్‌కు తేవడం, బ్రేకులను పావుగంట జరపడం, ఆ తర్వాతే ఓవర్‌టైం. బ్రేకులు జరపడం అంటే ఎత్తేయడం కాదు. ఒకసారి ఎత్తేస్తే మరుసటి రోజు ఆక్స్ కోడ్‌లలో (కాల్స్ రాకుండా ఏజెంట్ సిస్టమ్‌లో పెట్టుకునే విరామ కోడ్‌లు) దానికి రెట్టింపు వసూలవుతుంది.

యాప్ పడిపోయి అరగంటలో మూడు రెట్లు కాల్స్ వచ్చినప్పుడు ఎర్లాంగ్ లెక్కను పక్కన పెట్టేయండి. అంతమంది మనుషులు ఎక్కడా దొరకరు. ఐదు నిమిషాల్లో ఐవీఆర్ మొదట్లో ఒక ప్రకటన పెట్టాలి: సమస్య ఏమిటి, ఎప్పటికి సరవుతుంది, డబ్బు భద్రంగా ఉందా. దాన్ని విని చాలామంది పెట్టేస్తారు. ఆ ప్రకటనను తెలుగు, హిందీ, ఇంగ్లిష్‌లలో ముందే రికార్డు చేసి ఉంచుకోండి, ఎవరి అనుమతీ లేకుండా ఆన్ చేసే అధికారం షిఫ్ట్ మేనేజర్‌కు ఇవ్వండి. అర్ధరాత్రి వైస్ ప్రెసిడెంట్‌ను నిద్రలేపి అడిగే ఏర్పాటు ఉంటే ప్రకటన వచ్చేసరికి సమస్య తీరిపోతుంది.

పదో మెట్టు: ఏ అంకెలు చూడాలి

రోజు మొత్తం సర్వీస్ లెవెల్ 82 శాతం అని నివేదిక వస్తే సంతోషపడకండి. పదింటికి 40, మూడింటికి 98 ఉన్నా సగటు బాగానే కనిపిస్తుంది. లక్ష్యం తప్పిన అరగంటలు ఎన్ని అన్నది చూడండి. భాషల వారీగా విడదీసి చూడండి. మొత్తం బాగున్నప్పుడు నలిగిపోయేది ఎప్పుడూ చిన్న క్యూనే.

ఏహెచ్‌టీ తగ్గించమని ఒత్తిడి పెట్టే ముందు ఒక లెక్క. ఆరు నిమిషాల కాల్‌ను ఐదున్నరకు తెచ్చారు. తొందరలో సమస్య సగమే తీరి, పదిశాతం మంది మళ్లీ చేశారు. 300 కాల్స్ 330 అయ్యాయి. 330ని 5.5తో గుణించి 30తో భాగిస్తే లోడ్ 60.5. మొదట్లో ఉన్నది 60. ఏజెంట్లను పరుగెత్తించి, కస్టమర్లకు కోపం తెప్పించి, చివరికి పని పెంచుకున్నారు. అందుకే ఏహెచ్‌టీ పక్కన ఎప్పుడూ వారంలోపు మళ్లీ చేసినవాళ్ల శాతం ఉండాలి. రెండూ ఒకే స్లైడ్‌లో, ఒకే మనిషి చెప్పాలి.

వారానికోసారి ప్లానింగ్ టీము, రూటింగ్ సెట్టింగులు మార్చే టెలిఫోనీ టీము, ఇద్దరు ముగ్గురు టీఎల్‌లు ఒక గంట కూర్చోండి. గత వారం తప్పిన అరగంటల్లో అన్నిటికంటే ఘోరమైన మూడింటిని తీసుకోండి. కాల్స్ ఎక్కువ వచ్చాయా, ఏహెచ్‌టీ పెరిగిందా, మనుషులు రాలేదా, వచ్చినవాళ్లకు కాల్ వెళ్లలేదా అని ఒక్కోదానికి ఒక కారణం రాయండి. నాలుగో కారణం రాసిన ప్రతిచోటా స్కిల్ పట్టికను తెరిచి, ఆ అరగంటలో ఖాళీగా ఉన్నదెవరో, వాళ్లకు ఆ క్యూ ఎందుకు తెరుచుకోలేదో చూసి అక్కడే మార్చేయండి.